కొబ్బరి నూనె తాగిన గడ్డి మిషను

ఎనభైల నడిమి సంగతి. మస్కట్ నుంచి మనిషి దిగాడంటే మా కోనసీమ ఊళ్ళలో జనం ముందు చూసేది అతని ముఖం కాదు, టాక్సీ మీద కట్టిన అట్టపెట్టె. పెట్టె వెడల్పుగా ఉంటే టేప్‌రికార్డరు. ఎత్తుగా ఉంటే మిక్సీ. తాడు నొక్కిన చోట లోపలికి పోయి ఉంటే కంబళ్ళూ చీరలూ. మా అక్కయ్య భర్త, అంటే మా బావ, పలివెల పక్క ఊళ్ళో తన ఇంటి ముందు దిగినప్పుడు ఈ ఊహలేవీ పనికిరాలేదు. పెట్టె సన్నగా, మనిషి కంటే పొడుగ్గా ఉంది. ఎదురింటి పెద్దాయన కండువా సర్దుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ట్యూబులైట్లయ్యుంటాయండి" అని తేల్చేశారు.

విప్పితే ఒక పొడుగాటి గొట్టం. ఒక చివర కొబ్బరికాయంత ఇంజను, రెండో చివర పళ్ళున్న చక్రం, మధ్యలో భుజానికి తగిలించుకునే పట్టీ.

"ఏమిటండీ ఇది?" అంది అక్కయ్య.

"గడ్డి కోసే మిషను. పెట్రోలుతో నడుస్తుంది."

"గడ్డి కోసేదా?"

"ఆయ్."

అక్కయ్య వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడ గిన్నెలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

నేనప్పుడు అమలాపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. ఆదివారం పూట మనుషులు కొట్టుకోవడం కూడా తక్కువే కనక, బస్సెక్కి అక్కయ్య ఇంటికి వెళ్ళేవాణ్ణి. అందుచేత ఈ వ్యవహారంలో చాలా భాగం కళ్ళారా చూశాను. చూడనిది ఆ ఇంట్లో ముగ్గురూ, బావా అక్కయ్యా బావ తల్లీ, చెబితే విన్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే నడిమి మాట తీసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు.

మస్కట్‌లో బావ పని పార్కుల్లో గడ్డి కొయ్యడం. ఎడారిలో గడ్డేమిటని అడిగితే, "అదే మరి బామ్మర్దీ! ట్యాంకర్లతో నీళ్ళు పోసి పెంచుతారు. పెరిగేక మమ్మల్ని పిలిచి కోయించేస్తారు. పోనీ ఏ పశువుకైనా వేస్తారా అంటే అదీ లేదు, సంచుల్లో కట్టి పారేస్తారు" అనేవాడు. అక్కడున్నన్నాళ్ళూ ఆయన బుర్రలో ఒకటే ఆలోచన. నీళ్ళు పోసి బతిమాలితే వచ్చే గడ్డికే ఇంతమంది జీతగాళ్ళుంటే, వద్దన్నా గుమ్మంలోకి వచ్చేసే మా గడ్డికి ఎంత గిరాకీ ఉండాలి? కంపెనీవాళ్ళు పాత మిషన్లు అమ్మేస్తుంటే ఒకటి కొనుక్కుని, ఇక తిరిగి వెళ్ళేది లేదని వచ్చేశాడు.

ఆయన్ని మస్కట్ పంపిన రాజోలు ఏజెంటు మాత్రం బావ తిరిగి వెళతాడనే లెక్కలో ఉన్నాడు. మాఘమాసానికి కొత్త వీసా వస్తుందని, పాస్‌పోర్టు పైకి తీసి ఉంచమని చెప్పి వెళ్ళాడు. అక్కయ్య ఆ మాటే పట్టుకుంది.

"మాఘమాసంలోగా ఈ ఇనప కర్ర మీకు పని చూపిస్తే ఉండండి. లేదంటే దీన్నిక్కడ పారేసి మీరు వెళ్ళండి" అంది బావతో.

వినడానికి కోపంగానే ఉంది. కాని బావ లేని ఏళ్ళలో, సాయంత్రం బస్సు హారను వినపడినప్పుడల్లా ఆమె చేతిలో పని కాసేపు ఆగిపోవడం నేను చూసేవాణ్ణి. ఆ మాటలో బరువు ఎటు వైపు ఉందో నాకు తెలుసు. బావకీ తెలుసు. అందుకే మర్నాడే మిషను భుజానికి తగిలించుకుని కొబ్బరి తోటల మీద పడ్డాడు.

అక్కడే మొదటి దెబ్బ తగిలింది. మా వైపు కొబ్బరి తోటలో గడ్డి కొయ్యడానికి ఎవరూ కూలి ఇవ్వరు. గేదెలున్న ఆడవాళ్ళు కొడవలి పట్టుకుని వస్తారు, అడిగి కోసుకుపోతారు. వాళ్ళకి గడ్డి, రైతుకి శుభ్రమైన తోట. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, ఎడారిలో జీతానికి గడ్డి కోసి కోసి ఆ సంగతే మరిచిపోయాడు. ఒక తోటలో ఊరికే చూపిద్దామని కొంచెం కోస్తే, గేదెలున్న ఒకావిడ వచ్చి ఆ ముక్కలు చేత్తో ఎత్తి వాసన చూసింది.

"బాబూ, మీ మిషను నమిలి ఊసేసింది మా గేదె తినదండి" అని కింద పారేసి వెళ్ళిపోయింది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. పని లేని మిషనును దాచడం దగ్గర ఇంట్లో పెద్ద చర్చ వచ్చింది. మిషనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో జపాను భాష, అరబ్బీ పోగా కొంచెం ఇంగ్లీషు ఉంది. చదివి చెప్పే పని నాకు అప్పగించారు. నేను అరుగు మీద కూర్చుని చదువుతున్నాను, చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"పొడిగా ఉండే చోట భద్రపరచాలట" అన్నాను.

బావ తల్లిని నేను అత్తయ్యగారనేవాణ్ణి. ఆవిడ వాననీ, వాన అవతల నిండిన చేనునీ, చేను అవతల నిండిన కాలువనీ చూసి, "పొడిగా అంటే మన తాలూకాలోనేనా నాయనా?" అని అడిగారు.

ఆ ఇంట్లో నిజంగా పొడిగా ఉండే చోటు ఒకటే ఉంది. వంటింటి అటక. కురిడీ చెయ్యడానికి కొబ్బరికాయలు దాని మీదే పోస్తారు. కింద పొయ్యి సెగ తగిలి, నెలల తరబడి లోపల నీరు ఇంకి, కొబ్బరి గుండు కట్టి గలగలమంటుంది. కాయతో పాటు విలువైనవన్నీ అక్కడికే చేరతాయి. అత్తయ్యగారి పెళ్ళినాటి పందిరి గుడ్డ కూడా అక్కడే ఉంది.

"అటకెక్కించెయ్" అన్నారు ఆవిడ.

నేను తరవాతి వాక్యం చదివాను. "నిప్పుకు దూరంగా ఉంచాలి."

అందరం ఒకసారి అటకనీ, సరిగ్గా దాని కిందున్న పొయ్యినీ చూశాం. పొయ్యిలో కొబ్బరి డొక్కలు చక్కగా మండుతున్నాయి.

"పొడిగా ఉన్నచోట నిప్పుంది, నిప్పు లేనిచోట నీళ్ళున్నాయి. ఈ పుస్తకం రాసినవాణ్ణి వచ్చి మనింట్లో ఓ వానాకాలం ఉండమను" అంది అక్కయ్య.

"ఇంకోటి కూడా ఉంది. దాచేముందు టాంకులో పెట్రోలు పూర్తిగా తీసేసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేదాకా నడపాలట."

బావ చెయ్యి ఊపేశాడు. "అది తెలీనివాళ్ళకి రాసిందిలే. మస్కట్‌లో ఇన్నేళ్ళలో ఒక్కసారి తియ్యలేదు."

అక్కడ మిషను ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండేది కాదని ఆయనకి ఆ క్షణాన తట్టలేదు. నాకూ తట్టలేదు, నేను వార్తలు రాసేవాణ్ణి.

చివరికి మిషను అటకెక్కింది, పొయ్యి కదిలింది. పశువుల పాక పక్కన రెండు తాటాకులు అడ్డం పెట్టి అక్కడికి వంట మార్చారు. గాలివాన వచ్చినప్పుడు అత్తయ్యగారు ఒక చేత్తో గొడుగు అన్నం గిన్నె మీద పట్టి, రెండో చేత్తో కలిపేవారు. తాను తడుస్తూనే, "నాకేం నాయనా, మస్కట్ మిషను చల్లగా ఉంటే అంతే చాలు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అటక మీద కురిడీ కాయలకి సెగ అందక, ఏ కాయ కదిపినా ఇంకా బళుక్కుమంటోందని ఫిర్యాదు. వీధిలో ఒకరిద్దరు పోకిరీలు బావని "ఏవండీ, పొయ్యి కోసే మిషనండీ?" అని పలకరించడం మొదలుపెట్టారు.

వాన కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఆదివారం, కొత్తపేట రోడ్డులో ఉండే బియ్యపు మిల్లు షావుకారు జీపు ఇంటి ముందు ఆగింది. ఆయన మిల్లు కళ్ళం, అంటే ధాన్యం ఆరబోసే పెద్ద జాగా, ఏడాదిగా వాడక అత్తిపత్తి ముళ్ళూ తుంగా పెరిగి అడవిలా ఉంది. పాములున్నాయని కొడవలి పట్టుకుని ఎవరూ అందులో అడుగు పెట్టడం లేదు. కోతలైతే ధాన్యం బళ్ళు వచ్చేస్తాయి.

"మిషను పని చేస్తుందంటే నాకు నమ్మకం కుదరాలి. ఓసారి నడిపి చూపించు" అన్నారు షావుకారు. "నా కళ్ళం బాగుచేస్తే మా వియ్యంకుడి మిల్లుంది, మా తమ్ముడి చెరువు గట్లున్నాయి. ఏడాది పొడుగునా నీకు తీరిక ఉండదు."

అక్కయ్య తలుపు వెనక నుంచి వింటోంది. బావ మిషను దింపాడు. టాంకులో పెట్రోలు అడుగంటింది. డబ్బాలో పెట్రోలు ఉంది గాని, అందులో కలపాల్సిన స్కూటరు ఆయిలు సీసా ఖాళీ. కలపకుండా నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. కొత్తపేట వెళ్ళి తెచ్చేదాకా షావుకారు ఆగే మనిషి కాదు, అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

బావ కళ్ళు గోడ గూట్లో ఉన్న కొబ్బరి నూనె సీసా మీద పడ్డాయి. సొంత చెట్ల కాయ, సొంత అటక మీద కురిడీ, ఊళ్ళో గానుగ. అత్తయ్యగారికి ఆ నూనె మీద ఉన్న గర్వం ఇంతా అంతా కాదు.

"పొయ్యరా, చుక్క కల్తీ లేదు. బంకు వాడి నల్ల నూనె కంటే తీసిపోదు" అన్నారు ఆవిడ.

బావ దాన్ని పెట్రోల్లో కలిపి టాంకులో పోసేశాడు. తాడు లాగాడు. రెండో లాగుకే ఇంజను అందుకుంది. తెల్లటి పొగ, దానితో పాటు కమ్మటి వాసన. ఎక్కడో బూరెలు వేగుతున్న వాసన. ఎదురింటి పెద్దాయన గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ, ఏదైనా శుభకార్యమా?" అని అడిగారు. పెరట్లో ముళ్ళ పొద ఒకటి చూస్తుండగానే నేలమట్టమైంది. షావుకారు తృప్తిగా తలూపి, ఇప్పుడు కోసినా వానలకి మళ్ళీ పెరిగిపోతుంది కనక కోతల వేళకి కబురు పెడతానని వెళ్ళిపోయారు.

ఆ పూట బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "జపాను వాడికి తెలీదు బామ్మర్దీ! మన నూనెతో చప్పుడు ఎంత మెత్తగా ఉందో విన్నావా? ఇది పేపర్లో రాయి" అన్నాడు. నేను రాయలేదు. అది నా ముందుచూపు కాదు, ఆ వారం జాగా లేదు. మిషను ఒళ్ళంతా తుడిచి, చక్రానికి తుప్పు పట్టకుండా ఇంత కొబ్బరి నూనె రాసి, టాంకులో మిగిలింది మిగిలినట్టే ఉంచి, బావ దాన్ని మళ్ళీ అటకెక్కించాడు.

పుష్యమాసంలో కబురు వచ్చింది. పొద్దున్నే మంచు ఎంత దట్టంగా ఉందంటే, కాలువ గట్టు మీద మనిషి కనపడడు, దగ్గు మాత్రం వినపడుతుంది. నేను వెళ్ళేసరికి షావుకారు శాలువా కప్పుకుని కుర్చీలో ఉన్నారు. మిల్లు బయట ధాన్యం బళ్ళు బారుగా నిలబడ్డాయి. బస్తాలు మోసే జట్టువాళ్ళు గోడ మీద కూర్చుని, పని లేని పొద్దు కనక, ఉత్సాహంగా చూస్తున్నారు. గడ్డి కోసం వచ్చిన ఆడవాళ్ళు కొడవళ్ళతో ఓ పక్క నిలబడ్డారు. అక్కయ్య కూడా వచ్చింది. బావకి చద్దన్నం తెచ్చానంది గాని, క్యారేజీ ఎవరికీ ఇవ్వకుండా చేత్తోనే పట్టుకుని ఉంది.

బావ తాడు లాగాడు. గుర్రుమంది, ఆగింది. మళ్ళీ లాగాడు. ఈసారి గుర్రు కూడా లేదు. కోటు విప్పాడు. లాగాడు. చొక్కా విప్పాడు. లాగాడు.

"చలికి ముడుచుకుందండి పాపం, షావుకారు గారి శాలువా కప్పితే లేస్తుందేమో" అన్నాడు జట్టు మేస్త్రీ.

"ఇంకో రెండు లాగితే బనీను కూడా విప్పేస్తారు, ఆడవాళ్ళున్నారు చూసుకోండి బాబూ" అంది గడ్డికి వచ్చినావిడ.

"ఏవయ్యా, బళ్ళు ఆగున్నాయి" అన్నారు షావుకారు. ఆ గొంతులో నవ్వు లేదు.

బావ స్క్రూడ్రైవరు తీసి కార్బురేటరు విప్పాడు. లోపల తెల్లగా, గట్టిగా, మైనంలా ఏదో నిండి ఉంది. మేస్త్రీ గోడ దిగి వచ్చి, వేలితో కొంచెం తీసి వాసన చూసి, తల వెనక్కి తిప్పి చెప్పాడు: "కొబ్బరి నూనేనండి. మా ఇంట్లో సీసాలోనూ పొద్దున్న ఇలాగే పేరుకునుంది."

పెట్రోలు ఆ నెలన్నరలో ఆవిరైపోయింది. నూనె మిగిలింది. చలికి ముద్ద కట్టింది. ఇంజను జబ్బు ఏమిటో తెలియనంతసేపు ఊరుకున్న జనానికి, కొబ్బరి నూనె అని తెలిసేసరికి ధైర్యం వచ్చేసింది. పేరిన కొబ్బరి నూనెను కరిగించడం మా కోనసీమలో రాని మనిషి లేడు. ఒకడు ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఒకావిడ వేడినీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టమంది. అందరికంటే చురుకైన జట్టువాడొకడు మాట్లాడకుండా వెళ్ళి, ఎండు కొబ్బరాకు చుట్టి వెలిగించి, భగభగమండే ఆ కాగడాతో మిషను మీదికి వచ్చేశాడు. పక్కనే మూత తీసిన పెట్రోలు డబ్బా ఉంది.

"ఒరే ఆగరా!" అని బావ మిషను ఎత్తుకుని పరిగెత్తాడు. సాయం చేద్దామనే పట్టుదలతో వాడు కాగడాతో వెనకాల పరిగెత్తాడు. డబ్బాకి మూత పెట్టి అవతలకి లాగింది మా అక్కయ్యే. క్యారేజీ అప్పుడు కింద పెట్టింది. మేస్త్రీ ఆ కుర్రాడి చొక్కా పట్టుకుని ఆపేదాకా బావ కళ్ళం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది ఎండ. కార్బురేటరు, టాంకు విప్పి ఈతాకు చాప మీద పెట్టి అందరం మంచు విడిపోయేదాకా కూర్చున్నాం. కాసేపటికి ఒకావిడ లేచి, వడియాలు తిప్పినంత శ్రద్ధగా టాంకును రెండో పక్కకి తిప్పింది. నూనె మెల్లగా కరిగింది. బావ ఒంపేసి, పెట్రోలుతో కడిగి, ప్లగ్గు తుడిచి, మిల్లు గుమాస్తా స్కూటరు డిక్కీలో ఉన్న ఆయిలు అడిగి తీసుకుని కొలత ప్రకారం కలిపాడు. తాడు లాగేముందు ఒకసారి అక్కయ్య వైపు చూశాడు. ఆమె చూడలేదు, కళ్ళు మూసుకుని ఉంది.

ఇంజను అందుకుంది.

అది మామూలు చప్పుడు కాదు. గోడల మధ్య పదింతలై, గుండెల్లో కొట్టింది. బావ మొదటి పొద మీదికి చక్రం దింపే లోపలే గోడ వారనుంచి ఒక త్రాచు బయటికి వచ్చి, తలెత్తి చూడకుండా తిన్నగా కాలువ వైపు పోయింది. దాని వెనకే ఇంకోటి. జట్టువాళ్ళు గోడ మీద నిలబడిపోయారు.

గడ్డికి వచ్చినావిడ కొడవలి ఊపుతూ ముందుకొచ్చింది. "బాబూ! మీరు కొయ్యకండి! గడ్డి పాడు చెయ్యకండి! మీరు దాన్ని అరిపించుకుంటూ ముందు నడవండి, వెనకాల మేం కోసుకొస్తాం!"

"గడ్డి కోసే మిషనమ్మా ఇది!" అని బావ ఆ చప్పుడులోనే అరిచాడు.

"ముళ్ళొస్తే కొయ్యి" అన్నారు షావుకారు కుర్చీలోంచి లేచి. "అరుపు మాత్రం ఆపకు."

అలాగే జరిగింది. ముందు బావ పాముల్ని తోలుతూ, అడ్డొచ్చిన ముళ్ళు నరుకుతూ నడిచాడు. వెనకాల ఆడవాళ్ళు ధైర్యంగా గడ్డి కోసి మోపులు కట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా కళ్ళం నున్నగా అయింది, బళ్ళు లోపలికి వచ్చాయి. ఇంటికి వచ్చాక జరిగింది విని అత్తయ్యగారు, "పొయ్యి అక్కడే ఉంచుంటే నూనె కరిగే ఉండేది కదరా" అన్నారు.

"నూనెతో పాటు ఇల్లూ కరిగేదమ్మా" అన్నాడు బావ. ఆ రోజే వంట మళ్ళీ లోపలికి వెళ్ళింది. మిషనుకి పెరట్లో, వంటింటికి ఎడంగా, ఎత్తు దిమ్మ మీద చిన్న గది కట్టించాడు. పని నుంచి రాగానే టాంకు ఒంపడం, ఇంజను ఆగిపోయేదాకా నడపడం, గాలి తీసుకునే జల్లెడ దులపడం, చక్రానికి తొడుగు వెయ్యడం. ఇంగ్లీషు పేజీలో ఉన్న మాట ఒక్కటి తప్పడం లేదు.

షావుకారు వియ్యంకుడి మిల్లు, తమ్ముడి చెరువు గట్లు, తరవాత ఎవరెవరి దొడ్లో. రామచంద్రపురం వైపు నుంచి కూడా పిలిచారు. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళు కొడవళ్ళతో వెనకాలే వచ్చేవారు, ఎవరి గేదే అలగలేదు.

మాఘమాసంలో ఏజెంటు వచ్చాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. వీసా వచ్చిందని, పాస్‌పోర్టు ఇమ్మని అరుగు మీద కూర్చున్నాడు. బావ పెరట్లో టాంకు ఒంపుతున్నాడు. తల ఎత్తలేదు. ఆ మాట అక్కయ్య నోటి నుంచి రావాలని ఆగినట్టున్నాడు.

అక్కయ్య టీ గ్లాసు ఏజెంటు పక్కన పెట్టింది. "అది ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అన్నయ్యగారూ. ఈయనకి కుదరదు."

"మంచి కంపెనీ అమ్మా. బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించేమండి."

ఏజెంటు టీ తాగుతూ కాసేపు పెరటి వైపు చూశాడు. తరవాత గొంతు తగ్గించి, "బావగారూ, మా రాజోల్లో ఇంటి వెనక పాత దొడ్డి ఒకటుందండి. లోపల ఏమున్నాయో చూడ్డానికి కూడా భయం. ఎప్పుడొస్తారు?" అన్నాడు.

"ఆదివారం ఖాళీయేనండి" అన్నాడు బావ.

"ఆదివారం కాదు" అంది అక్కయ్య, ఖాళీ గ్లాసు తీసుకుంటూ. "సోమవారం వస్తారండి. ఆదివారం ఇంట్లో ఉంటారు."

"ఆయ్" అన్నాడు బావ.